జీతం లేని కొలువు

మన కాలేజీ విద్యార్థి సంఘం కార్యదర్శి మొన్న ఫోను చేసి, ఈ ఏటి సావనీరుకు ఒక వ్యాసం రాసియ్యమని అడిగినాడు. అంశం కూడా తనే చెప్పినాడు: ఓపెన్ సోర్స్ డేటాబేసు పనిలో పాలు పంచుకోవడం ఎట్లా, దాన్ని పదికాలాల పాటు నిలబెట్టడం ఎట్లా అని. పదేళ్ళుగా నేను రాత్రిళ్ళు చేస్తున్న పని అదే గనక, తేలిగ్గా రాసి పారేస్తాననుకున్నాడు కాబోలు. తీరా కాగితం ముందర పెట్టుకుని కూర్చుంటే నాకు కంప్యూటరు గుర్తుకు రాలేదు. 1884లో లండనులో కన్నుమూసిన ఒక దొర గుర్తుకు వచ్చినాడు. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. నిఘంటువు బ్రౌను అంటే ఎరగని తెలుగు విద్యార్థి ఉండడు. కానీ నాకు ఆయన పరిచయమైంది తెలుగు క్లాసులో కాదు. ఒక పని ఇక మానెయ్యాలని తీర్మానం చేసుకున్న రోజుల్లో పరిచయమైనాడు. అందువల్ల ముందు నా సంగతి నాలుగు ముక్కలు చెప్పి, తరువాత ఆయన కథలోకి వస్తాను. అధ్యాపకులు మన్నించాలి.

మాది మైపాడు పక్కన సముద్రపు ఒడ్డు పల్లె. ఇటు బకింగ్‌హాం కాలువ, అటు సముద్రం, నడుమ ఇసుక దిబ్బలు. ఇప్పుడైతే ఎటు చూసినా రొయ్యల గుంటలే. మా తాత అలివి వల లాగిన మనిషి. అలివి వల ఒక్కరితో అయ్యే పని కాదు. రెండు జట్లు ఒడ్డున నిలబడి రెండు కొసలూ పట్టుకుని లాగాలి. పడిన చేపలో లాగిన ప్రతి మనిషికీ పాలుంది. అయితే లాగేటప్పుడు ఊరంతా వస్తారు గానీ, చినిగిన వలను ముందరేసుకుని ఎండలో కూర్చుని చిల్లులు పూడ్చేవాళ్ళు నలుగురో అయిదుగురో. మా తాత ఆ అయిదుగురిలో ఒకడు. ఆ పనికి వేరే కూలి ఉండేది కాదు.

ఓపెన్ సోర్స్ డేటాబేసు కూడా అట్లాంటి అలివి వలే. బ్యాంకు లెక్కలు, రైలు టికెట్లు, ఆసుపత్రి చీటీలు, మన పరీక్షల మార్కులు, ఇవన్నీ ఏదో ఒక డేటాబేసులో ఉంటాయి. కొన్నిటికి ఏటేటా కప్పం కట్టాలి. కొన్నిటిని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఎట్లా రాసినారో చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఈ రెండో రకంలో పెద్ద పేరున్నది పోస్ట్‌గ్రెస్. 1986లో కాలిఫోర్నియా రాష్ట్రం బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే ఆచార్యుడి దగ్గర మొదలైంది. విశ్వవిద్యాలయం ఆ పని చాలించుకున్నాక అది పాడుపడి పోవలసిందే. 1994లో ఆండ్రూ యు, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ భాష నేర్పినారు. 1996లో ఇప్పటి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్న పేరు పెట్టుకుని, దేశదేశాల వాళ్ళు దాన్ని చేతులు మార్చుకుంటూ మోస్తున్నారు. దానికి యజమాని అంటూ ఒక కంపెనీ లేదు.

నేను పనిచేసే డేటాబేసు పేరు ఇక్కడ రాయను. దాంట్లో నా వంతు పని చాలా చిన్నది. తెలుగు మాటలు వరసలో సరిగ్గా వస్తున్నాయా లేదా అని చూడటం. ఇదేం పెద్ద పనా అనుకోవద్దు. మన అక్షరమాలలో హ తరువాత గదా ళ, క్ష, ఱ వచ్చేది. యూనికోడ్ పట్టికలో అట్లా లేదు. దేవనాగరి వరసను చూసి మిగతా లిపులకూ అదే ప్రకారం గళ్ళు కేటాయించినారు గనక, ర పక్కనే ఱ, ల పక్కనే ళ కూర్చున్నాయి. సున్న అయితే అచ్చులకంటే ముందరికే వచ్చి కూర్చుంది. యంత్రం తన అంకెల ప్రకారం పేర్చిందంటే మనకు తెలిసిన వరస రాదు. ఏ భాషకు ఆ భాష నియమం విడిగా అందియ్యాలి. పైగా డేటాబేసు వెతికే సూచిక ఆ వరసనే నమ్ముకుని ఉంటుంది. నియమం మారి సూచిక మారకపోతే, ఉన్న మాట కూడా లేదని చెబుతుంది. 2018లో లినక్స్ యంత్రాల్లోని ఒక మూల గ్రంథాలయం తన వరస నియమాలు మార్చుకున్నప్పుడు, లోకమంతటా డేటాబేసుల వాళ్ళు సూచికలు తిరగ కట్టుకోవలసి వచ్చింది. నిఘంటువులో పేజీలు తారుమారైతే ఎట్లా ఉంటుందో అట్లాంటిదే అది.

ఈ పనికి నేను ఒక సవరణ రాసి పంపితే ఏడాదిన్నర పలికిన దిక్కు లేదు. తప్పు పట్టినవాడూ లేడు, మెచ్చినవాడూ లేడు. అదే సమయంలో ఆ డేటాబేసు మీద కోట్ల వ్యాపారం చేసుకునే ఒక సంస్థవాళ్ళు, ఒక లోపం రాత్రికి రాత్రి సరిచేసి పెట్టమని నన్ను గద్దించి జాబు రాసినారు. వాళ్ళు నాకు ఒక్క పైసా ఇచ్చింది లేదు. నాకు కడుపు మండింది. ఎవరి కోసం ఈ వెట్టి అనిపించింది. మా నాయన కూడా, నిద్ర చెడగొట్టుకుని ఊరికే చేసే పని ఏందని అడిగినాడు. జవాబు చెప్పలేకపోయినాను. మరుసటి వారం నెల్లూరులో, మనకు తెలుగు చెప్పిన మాస్టారి ఇంటికి పొయ్యి ఈ గోడు వెళ్ళబోసుకుంటే, ఆయన ఏమీ అనకుండా బీరువాలోనుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి చేతిలో పెట్టినాడు. బ్రౌన్ సాహిత్య స్వీయచరిత్ర. 1978లో తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వేసింది. రెండు రాత్రుల్లో చదివినాను. అక్కడి నుంచి ఆయన మీద దొరికిందల్లా చదువుతూ పోయినాను. అదే ఇక్కడ నా మాటల్లో చెబుతున్నాను.

బ్రౌను పుట్టింది ఇంగ్లాండులో కాదు, కలకత్తాలో. 1798 నవంబరు 10. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతగురువు, అనాథ శరణాలయం నడిపినవాడు, నానా భాషలు నేర్చిన పండితుడు. ఆ తండ్రి 1812లో పోయినాడు. కుటుంబం ఇంగ్లాండు చేరింది. కుర్రవాడు హెయిలీబరీలో కంపెనీ కొలువుకు కావలసిన చదువు చదివి, 1817లో మద్రాసులో దిగినాడు. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. కోట కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దినాడు. 1820లో పరీక్ష గట్టెక్కి కడపలో కలెక్టరు కింద సహాయకుడిగా చేరినాడు. కచేరీలో, సంతలో, పల్లెల్లో వినపడే తెలుగు పుస్తకాల తెలుగు కాదని ఆయనకు అక్కడే తెలిసింది. మరుసటి ఏడే కడపలోనూ, తరువాత 1823లో మచిలీపట్నంలోనూ పిల్లలకు ఊరికే చదువు చెప్పే బడులు పెట్టించినాడు.

మచిలీపట్నంలో ఉండగా ఆయన చూపు వేమన మీద పడింది. దుబాయి అనే ఫ్రెంచి మతగురువు రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన చదివి, ఈ కవి ఎవరని విచారించడం మొదలుపెట్టినాడు. ఆ కాలపు పండితుల్లో చాలామంది వేమనను కవిగా లెక్కించేవారు కారు. పద్యాలు జనం నోళ్ళలో ఉన్నాయి, తాటాకుల్లో ఉన్నాయి, కానీ ఏ రెండు ప్రతులూ ఒకటిగా లేవు. ఒకరు చదివిన మాట మరొకరి దగ్గర లేదు. బ్రౌను ఎక్కడెక్కడివో ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, తేడాలు గుర్తించి, పద్యాలకు వరస అంకెలు వేయించి, ఇంగ్లీషు అర్థంతో 1829లో అచ్చు వేయించినాడు. అందులో 693 పద్యాలున్నాయి. అంతటితో చాలించలేదు. మరిన్ని ప్రతులు చేరిన తరువాత 1839లో మళ్ళీ వేసినాడు. ఈసారి 1164. మొదటిది లోపాలతోనే జనానికి ఇచ్చి, రెండోదాన్ని పెంచి దిద్ది ఇచ్చిన పద్ధతి అది. మా వాళ్ళు ఇప్పుడు చేసేదీ అదే. అంతా సిద్ధమైనాకే బయటపెడదామనుకుంటే ఏదీ బయటికి రాదు.

మచిలీపట్నంలోనే వఠ్యం అద్వైత బ్రహ్మయ్య శాస్త్రి, తిప్పాభొట్ల వెంకట శివశాస్త్రి ఆయనకు ఛందస్సూ కావ్యాలూ చెప్పినారు. మళ్ళీ 1826లో కడపకు వచ్చినప్పుడు ఒక పెద్ద బంగళా, పదిహేనెకరాల తోటతో సహా కొన్నాడు. దాంట్లో పండితులను, లేఖకులను కూర్చోబెట్టినాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆయన కొలువులో ఏళ్ళ తరబడి పనిచేసినారు. ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు సేకరించడం, వాటిలో పాఠాలు పోల్చి శుద్ధప్రతి రాయించడం, పద్యాలకు అంకెలు, పుస్తకానికి సూచిక, కష్టమైన చోట్ల టీక. ఇదీ అక్కడి పని. వసుచరిత్ర 1844లోనూ, మనుచరిత్ర 1851లోనూ టీకతో అచ్చుకెక్కినాయంటే ఈ శ్రమ వల్లనే. జీతాలు బ్రౌను సొంత డబ్బు. జీతం చాలక అప్పులు చేసినాడు. మద్రాసులో పెద్ద ఉద్యోగస్థుల మధ్య ఆయన పిచ్చి మనిషిగా కనపడి ఉంటాడు. పొద్దున కచేరీ, సాయంత్రం తాటాకులు. చెదలు తినేలోగా ఎత్తి రాయాలి. ఈ తొందర ఒక్కటే ఆయన జీవితాన్ని నడిపినట్టు నాకనిపిస్తుంది.

ఇంతలో 1832, 33ల నందన కరువు. అప్పుడు గుంటూరు ఆయన చేతికింద ఉంది. పైవాళ్ళకు ఇష్టం లేకపోయినా, జరుగుతున్నది కరువేనని ఆ మాట వాడి నివేదికలు రాసినాడు. కొరత అని మెత్తగా రాసి ఉంటే ఆయనకు సుఖంగా ఉండేది. నిఘంటువు రాసేవాడికి ఏ వస్తువుకు ఏ పేరో తెలిసి ఉండాలి గదా. 1834 నాటికి కొలువు పోయి ఇంగ్లాండుకు ఓడెక్కినాడు. అప్పటికే అప్పులున్నాయి, పెళ్ళీ పేరంటమూ లేవు, చేతిలో ఉద్యోగం లేదు. మరొకడైతే తెలుగును అక్కడితో మరిచిపోయేవాడు. ఈయన లండనులో ఇండియా హౌసు గ్రంథాలయానికి పొయ్యి, అక్కడ దక్షిణాది భాషల రాతప్రతులు పట్టించుకునే నాథుడు లేక పడి ఉండటం చూసినాడు. చదవగలిగినవాళ్ళు మద్రాసులో ఉన్నారు, పుస్తకాలు లండనులో ఉన్నాయి. వెంటపడి, ఒప్పించి, రెండు వేలకు పైగా ప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి చేర్పించినాడు. నన్నడిగితే ఆయన చేసిన పనులన్నిటిలో ఇది పెద్దది. పుస్తకం ఉండటం ఒక ఎత్తు, అది అవసరమైన వాళ్ళకు అందటం ఒక ఎత్తు.

1837లో మళ్ళీ బయలుదేరి, కంపెనీకి పార్శీ అనువాదకుడి ఉద్యోగం మీద మద్రాసు చేరినాడు. 1840లో వ్యాకరణం. 1840లలో తన సొంత సేకరణను కూడా లిటరరీ సొసైటీకి ధారపోసినాడు. ఆ ప్రతులు తరువాత చేతులు మారి, ఇప్పుడు చెన్నైలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. 1852లో ఇంగ్లీషు తెలుగు, తెలుగు ఇంగ్లీషు నిఘంటువులు రెండూ వచ్చినాయి. కచేరీల్లో చెల్లే పార్శీ, ఉర్దూ, ఇంగ్లీషు మాటలు కలిసిన తెలుగుకు 1854లో మిశ్రభాషా నిఘంటువు విడిగా వేసినాడు. కావ్యాల్లో లేని మాటకు నిఘంటువులో చోటివ్వకూడదన్నది పండితుల పక్షం. రైతు అనే మాట, వంటింట్లో అనే మాట, కోర్టులో అనే మాట కూడా మాటేనన్నది ఈయన పక్షం. ఆ పట్టు పట్టబట్టే, మన తాతల నోటి మాటలు ఈవేళ మనకు దొరుకుతున్నాయి.

ఆయన్ను దేవుణ్ణి చేసి నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన కంపెనీ నౌకరు. పండితులకు ఇచ్చిన ఆ జీతం మన రైతులు కట్టిన శిస్తులోనుంచే వచ్చింది. పుస్తకం అట్ట మీద ఒక్క బ్రౌను పేరే ఉంది. దీపం ముందర కూర్చుని కళ్ళు పోగొట్టుకున్న లేఖకుల పేర్లు చాలావరకు మనకు తెలియవు. పండితుల మీద విసుక్కున్నాడు కూడా. ఈ లెక్క ఇప్పటికీ తెగలేదు. నలుగురు కలిసి కట్టిన డేటాబేసుకు పేరు ఎవరికి, డబ్బు ఎవరికి అన్న పేచీ నేటికీ మా మధ్య ఉంది. అందుకే చాలా ప్రాజెక్టుల్లో, ఒక అక్షరం దిద్దినవాడి పేరు కూడా ఆ మార్పు పక్కన రాసి పెట్టే ఆచారం వచ్చింది. ఆ లేఖకుల విషయంలో జరిగిన అన్యాయం ఇప్పుడు జరగకుండా చూసుకోవడానికి అదొక దారి.

1855లో ఆయన సెలవు తీసుకుని శాశ్వతంగా లండను వెళ్ళిపోయినాడు. 1865లో అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడైనాడు. 1884 డిసెంబరు 12న, ఎనభై ఆరేళ్ళ వయసులో పోయినాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి చేసినారు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. మామూలుగా అయితే కథ ఇక్కడ అయిపోవాలి.

అయిపోలేదు. నాకు బుద్ధి వచ్చింది ఈ తరువాతి భాగం చదివినప్పుడే. 1903లో ఆ తెలుగు ఇంగ్లీషు నిఘంటువును ఎం. వెంకటరత్నం, డబ్ల్యు. హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం పంతులు గార్లు ఆమూలాగ్రం సవరించి మళ్ళీ అచ్చు వేసినారు. ఈవేళ మన ఫోన్లలో బ్రౌన్ నిఘంటువని చూసుకునేది చాలావరకు ఆ 1903 ప్రతినే. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని దక్షిణాసియా నిఘంటువుల వరసలో చేర్చి, ఎవరైనా వెతుక్కునేటట్టు డేటాబేసులోకి ఎక్కించినారు. కడపలో ఆ బంగళా శిథిలాలుగా మిగిలిన చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి బ్రౌన్ పేర గ్రంథాలయం నిలబెట్టినారు. ఇక మా మాస్టారు నా చేతిలో పెట్టిన పుస్తకాన్ని ఆచార్య జి. ఎన్. రెడ్డి గారితో కలిసి వెలికి తెచ్చింది ఎవరనుకున్నారు? మన జిల్లా మినగల్లు మనిషి, బండి గోపాలరెడ్డి. బంగోరె అంటే పెద్దవాళ్ళకు తెలుస్తుంది. నెల్లూరు జమీన్ రైతు పత్రికలో పనిచేసి, తరువాత బ్రౌను కాగితాల వెంటపడి, దుమ్ములోనుంచి జాబులు ఏరి, ఒక్కొక్కటే అచ్చుకెక్కించినాడు. 1982లో, నలభై అయిదైనా నిండకుండానే పోయినాడు. బ్రౌను వేమన కోసం చేసిన పనిని, నూట యాభై ఏళ్ళ తరువాత మన నెల్లూరు మనిషి బ్రౌను కోసం చేసినాడు. ఎవరూ ఎవరినీ చేయమని అడగలేదు.

అప్పుడు మా నాయనకు చెప్పలేకపోయిన జవాబు నాకు దొరికింది. బ్రౌను పండితులకు జీతమిచ్చినాడే గానీ, తన పనికి జీతం ఆశించలేదు. అయినా జీతాలు లేకుండా ఆ బంగళా నడిచేది కాదు. ఈ రెండూ నిజమే. ఇష్టంతో మొదలైన పని ఇష్టంతోనే ఎల్లకాలం సాగదు. దాని మీద బతికే సంస్థలు దాని చిల్లులు పూడ్చేవాళ్ళకు కూలి ఇచ్చుకోవాలి. ఈ మాట నేను ఇప్పుడు మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఆ గద్దింపు జాబుకు మర్యాదగా బదులు రాస్తూ, ఇంత పనికి ఇంత ఖర్చవుతుందని కూడా రాసినాను. వాళ్ళు డబ్బు పంపలేదు, కానీ తమ ఇంజనీరునొకణ్ణి వారానికి ఒక రోజు ఆ పనికి కేటాయించినారు. అదీ నయమే.

రెండోది, నా తలలో ఉన్నదంతా కాగితం మీద పెట్టినాను. తెలుగు వరస ఎట్లా ఉండాలి, ఎందుకు, ఏ పరీక్ష పెట్టి చూడాలి, అన్నీ రాసి, ఇద్దరు జూనియర్లకు అప్పజెప్పినాను. రేపు నేను లేకపోయినా పని ఆగదు. నా సవరణ సంగతి అడుగుతారేమో. నేనెన్నడూ చూడని దేశం మనిషి ఒకడు చివరికి దాన్ని చదివి, సగం వాక్యాలు కొట్టేసి, మిగతాది చేర్చుకున్నాడు. మార్పు కింద చిన్న అక్షరాల్లో నా పేరుంది. ఆ సగం కొట్టేసినందుకు మొదట బాధపడినాను గానీ, ఇప్పుడు చూస్తే అతను కొట్టేసిందే సబబు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక మీ కార్యదర్శి అడిగిన మాట. ఎట్లా మొదలుపెట్టాలి? కొత్త సరుకు రాయాలని మొదటే పోవద్దు. వాడుక పుస్తకం చదివి అర్థంగాని చోట తేట చెయ్యండి. ఎవరో లోపం ఉందని రాస్తే, మీ యంత్రం మీద అది మళ్ళీ వస్తుందో లేదో చూసి చెప్పండి. ఇంకొకరి సవరణ చదివి తప్పొప్పులు రాయండి. రాసేవాళ్ళకంటే చదివి చూసేవాళ్ళకే ఎప్పుడూ కరువు. మీ నోటి తెలుగు దానిలో సరిగ్గా నిలుస్తుందో లేదో పరీక్షించండి. ఆ పని మనం చెయ్యకపోతే ఇంకెవరూ చెయ్యరు.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, మా తాత కూర్చున్న చోట ఎవరో పిల్లవాడు నైలాను వల ముందరేసుకుని చిల్లు పూడుస్తున్నాడు. ఆ వల వాడిది కాదంట. కాసేపు పక్కన కూర్చుని, ఒక కొస పట్టుకుని వచ్చినాను.